కొరికిన ఇటుక

ప్లాస్టిక్ ఇటుకలను పళ్ళతో ఊడదీసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చిన్నపిల్లలైతే చేతిలోంచి లాక్కుని, ఎలా ఊడదీయాలో చూపించి తిరిగి ఇస్తాను. పెద్దవాళ్ళైతే మొహం మీదే అనేస్తాను. రెండు ఇటుకలు బిగుసుకుపోతే ముందు వాటి మధ్య సందు ఎక్కడుందో చూడాలి. ఆ సందులోకి సన్నటి రేకులాంటిదేదైనా దూర్చాలి. పైకి లాగకూడదు, పక్కకు తిప్పాలి. విద్య అంతే. దీనికి నోటితో ఏం పని? ఇంత చిన్న విషయానికి ఈ ముసలామెకు ఇంత కోపమేమిటని నవ్వుకునేవాళ్ళు ఉన్నారు. నవ్వుకోనీ. నా వయసులోంచి పదకొండేళ్ళు తీసేస్తే ఆ కోపం వయసు వస్తుంది.

యాభైల చివరి సంవత్సరాల్లో మేం మద్రాసులో, టి. నగర్‌లో, పాండీబజారు వెనక వీధిలో ఉండేవాళ్ళం. మా పూర్వులు మద్రాసుకు ఎప్పుడు వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. అవ్వ, అంటే నాయన తల్లి, సౌకార్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ లెక్కలో సౌకార్‌పేటే ఊరు, టి. నగర్ ఊరవతల. తాత బతికే ఉన్నాడు గానీ ఆయన మాట వీధి అరుగు దాటి లోపలికి వచ్చేది కాదు. లోపలంతా అవ్వదే. మడి, ఎంగిలి, అంటు అనే మూడు మాటలతో ఆవిడ ఆ ఇంటిని నడిపింది. అమ్మ వంటింట్లో గిన్నె పక్కకు జరిపినా అవ్వకు వినపడేది.

నాయన హార్బరు దగ్గర ఒక ఇంగ్లీషు కంపెనీలో గుమాస్తా. ఆఫీసులో ఒక దొర ఉద్యోగం ముగించుకుని సీమకు వెళ్ళిపోతూ, సామాను కట్టించడానికి నాయనను ఆదివారం బంగళాకు రమ్మన్నాడు. నేను వెంటపడితే నాయన నన్నూ తీసుకెళ్ళాడు. హాలు నిండా చెక్కపెట్టెలు, గడ్డి. ఆ గడ్డి మధ్యలో మా తమ్ముడంత పిల్లాడు ఒకడు ఒక అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలో ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో అగ్గిపెట్టెలకంటే చిన్న ఇటుకలు. అలాంటివి నేనెప్పుడూ చూడలేదు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే అతుక్కుంటున్నాయి. బంకా లేదు, మేకూ లేదు.

దొరసాని నన్ను చూసింది, పిల్లాడితో ఏదో చెప్పింది. ఓడలో చోటు లేదనో, నువ్వు పెద్దవాడివయ్యావనో అయ్యుంటుంది. వాడు పెట్టెను గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ లాగింది. వాడు ఒక ఎర్ర ఇటుకను తీసి నోట్లో పెట్టుకుని కసిగా కొరికాడు. ఆవిడ వాడి బుగ్గలు రెండు వేళ్ళతో నొక్కి నోరు తెరిపించి, ఇటుకను బయటికి లాగి, గౌనుకు తుడిచి, పెట్టెలో పడేసి, ఆ పెట్టె నాయన చేతిలో పెట్టింది. నాయన అవసరానికి మించి నవ్వాడు. పిల్లాడు ఏడవలేదు, నా వైపు చూస్తూ కూర్చున్నాడు. వాడి మీద నాకు జాలి కలగలేదు. పెట్టె మా చేతికి వచ్చేసిందన్న సంతోషంలో ఉన్నాను నేను.

బస్సులో నాయన ఆ పెట్టెను పాత పేపరులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అవ్వ అడిగితే మౌంట్ రోడ్డులో షాపులో కొన్నామని చెప్పు" అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"ఎందుకంటే? ఎద్దుకూర తినేవాళ్ళింటి సామానని తెలిస్తే గడప దాటనిస్తాదా? పెట్టెతో పాటు మనల్నీ వీధిలో నిలబెట్టి తల మీద నీళ్ళు పోస్తాది. నోరు మూసుకోనుంటే ఉంటాది, తెరిస్తే పోతాది. సరియా?"

సరే అన్నాను. ఇంటికి రాగానే అవ్వ అడగకముందే నాయన మౌంట్ రోడ్డు షాపును అద్దాల బీరువాలతో సహా వర్ణించాడు. అంత నిజంలా చెప్పాడు, ఆ షాపుకు నేనూ వెళ్ళొచ్చానేమో అనిపించింది. దుబారా మనిషివని అవ్వ ఆయన్ను తిట్టింది. తిడుతూనే ఆ సాయంత్రం ఎదురింటికి వెళ్ళి, నా కొడుకు మౌంట్ రోడ్డులో సీమ సామాను తెచ్చినాడని చెప్పి వచ్చింది.

పెట్టె తమ్ముడికి ఇచ్చారు. మగపిల్లాడు కదా. దొరసాని ఆ పెట్టెను నన్ను చూసి ఇచ్చిందన్న సంగతి నాయన మరిచిపోయాడు. తమ్ముడికి ఆరేళ్ళు, ముందు పళ్ళు ఊడిపోయి బోసినోటితో ఉండేవాడు. వాడికి కట్టడం చేతకాదు, పడగొట్టడం చేతనవును. నాలుగు ఇటుకలు నిలబెట్టి కాలితో తన్నేవాడు. మిద్దె మీద నుంచి ఒక్కొక్కటే వదిలి, కింద పడ్డప్పుడు వచ్చే చప్పుడు వినేవాడు. ఒకరోజు కొన్నింటిని మిద్దె మీద ఎండలో వదిలేశాడు. సాయంత్రానికి అవి పక్కకు వంగిపోయి ఉన్నాయి. చేత్తో నొక్కినా మళ్ళీ తిన్నగా కాలేదు. ఆ ప్లాస్టిక్కు వేడి పడదని నాకు ఆ రోజే తెలిసింది.

వాడు నిద్రపోయే మధ్యాహ్నాలే నా కాలం. అరుగు మీద తాత పక్కన కూర్చుని కట్టేదాన్ని. ఆ ఇటుకలు ఇప్పటివాటిలా కావు. పైన గుబ్బలు ఉండేవి, కింద అంతా బోలు. ఇప్పుడొచ్చేవాటికి లోపల గొట్టాలుంటాయి, అవి గుబ్బల్ని గట్టిగా పట్టుకుంటాయి. మావాటిలో అంచులు పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేదు. నిట్టనిలువుగా పేర్చుకుంటూ పోతే మోచేయంత ఎత్తు రాగానే నడుం విరిగి కూలేది. ఏడుపొచ్చేది. ఏడిస్తే అవ్వ వచ్చి పెట్టె లోపల పెట్టేస్తుందని ఏడవకుండా మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

పక్క స్థలంలో అప్పుడు ఇల్లు కడుతున్నారు. వాళ్ళు గోడ పెట్టడం చూసి నేర్చుకున్నాను. కింది వరసలో రెండు ఇటుకలు కలిసే చోటి మీద పై వరస ఇటుక నడుం రావాలి. అతుకు మీద అతుకు పడకూడదు. మూలల దగ్గర ఒక వరస ఇటు నుంచి, ఇంకో వరస అటు నుంచి పోవాలి. ఇది తెలిశాక నా గోడలు కూలడం మానేశాయి. వదులుగా ఉన్న ఇటుకలకు ఉపాయం నేనే కనిపెట్టాను. దీపారాధన వత్తిలోంచి ఒక నూలు పోగు లాగి, గుబ్బల మీద అడ్డంగా పరిచి, పైనుంచి ఇటుకను నొక్కితే అది ఇక కదలదు. మరీ బిగుసుకున్నవాటిని ఊడదీయడానికి అమ్మ తన జడపిన్ను ఒకటి రోకలితో సాగగొట్టి రేకులా చేసి ఇచ్చింది. ఆ పిన్ను పావడా అంచుకు గుచ్చుకుని తిరిగేదాన్ని. దానితో ఎంత బిగుసుకున్న ఇటుకనైనా గీత పడకుండా తీసేదాన్ని. ఆ విషయంలో నాకు పొగరు కూడా ఉండేది.

నవరాత్రులు దగ్గర పడ్డాయి. మా ఇంట్లో ఏటా బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. మెట్ల మీద బొమ్మలు, మెట్ల ముందు నేల మీద ఇసక పోసి, ఆవాలు చల్లి మొలకెత్తించి, అద్దం ముక్కతో చెరువు చేసి ఒక చిన్న ఊరు. ఆ ఏడాది ఆ చిన్న ఊళ్ళో గోపురం ఉంటే బాగుంటుందని అవ్వే అంది. మట్టి గోపురం కొందామంటే నాయన నా వైపు చూశాడు. నేను అరుగు మీద కట్టేవి ఆయన ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు చూస్తూనే ఉన్నాడు.

"ఇటికిలతో నువ్వు కట్టు. కొలువు ఎత్తేదాకా నిలబడితే పెట్టె నీకే" అన్నాడు, అన్నం తింటూ, అందరి ముందూ.

తమ్ముడు మూలిగాడు. వాడికి గాలిపటం కొనిస్తానన్నాడు నాయన. వాడు ఊరుకున్నాడు.

ఆ మాట నాకెలా వినిపించిందో చెప్పాలి. ఆ ఇంట్లో అప్పటిదాకా నాది అనగలిగింది ఒక్కటీ లేదు. నా పావడాలు పెద్దమ్మ కూతురు విడిచినవి. నా పలక తమ్ముడితో పొత్తు. పడుకునే చాప కూడా చుట్టాలొస్తే వాళ్ళది. అలాంటిదానికి ఒక పెట్టె, మూతతో సహా, నాదే అవుతుందన్నాడు నాయన. ఆ రోజు నుంచి నేను మనిషిలా లేను. అన్నం దగ్గర కూడా మెతుకులతో వరసలు పేర్చి అవ్వ చేత తిట్లు తిన్నాను.

గోపురం పైకి పోయేకొద్దీ సన్నబడాలి. ఒక్కో వరసనూ ఒక గుబ్బంత లోపలికి జరుపుతూ పోతే మెట్లు వస్తాయి తప్ప గోపురం రాదు. చాలాసార్లు కట్టి విప్పాక దారి దొరికింది. కొన్ని వరసలు నిటారుగా తీసుకెళ్ళి, ఒక వరసను గుబ్బంత బయటికి తోసి చూరులా చేసి, ఆ పై వరసను రెండు గుబ్బలు లోపలికి లాగాలి. అప్పుడు అంతస్తు తెలుస్తుంది, నీడ పడుతుంది. ఇటుకను పక్కకు పడుకోబెట్టి, బోలు వైపు బయటికి తిప్పి, రెండు నిలువు ఇటుకల మధ్య ఇరికిస్తే అదొక గూడు. కిటికీలు పెట్టుకోవడానికి కొన్ని ఇటుకల పక్కన సన్నటి గాడి ఉండేది. మా పెట్టెలో కిటికీలు రాలేదు కాబట్టి పాత పోస్టుకార్డులను అర్ధచంద్రాల్లా కత్తిరించి ఆ గాడుల్లో దూర్చాను. దూరం నుంచి చూస్తే శిల్పాల వరసలా కనిపించేవి. పైన కలశాలకు ఖాళీ దారపు రీళ్ళు, వాటి మీద బంగారు కాగితం.

ముక్కలు చాలలేదు. తమ్ముడు పారేసినవి, వంగినవి పోగా మిగిలినవి బొటాబొటీ. ఆ దొర పిల్లాడు కొరికిన ఎర్ర ఇటుకను మొదట పక్కన పెట్టాను గానీ ఆఖరికి దాన్నీ వాడక తప్పలేదు. దాని ఒక మొహం మీద పై పళ్ళు రెండు లోతుగా దిగి ఉన్నాయి, వాటి మధ్య వెడల్పాటి సందు. రెండో మొహం బాగానే ఉంది. పక్క స్థలంలో పెచ్చు ఊడిన ఇటుకను చెడ్డ మొహం లోపలికి తిప్పి పెట్టడం చూశాను. నేనూ గాటు లోపలికి తిప్పి గోడలో కట్టేశాను. బయటికి ఏమీ తెలియలేదు.

గోపురం లోపల ప్రమిద పెట్టాలని అవ్వ పట్టుబట్టింది. వద్దన్నాను. వినలేదు. ఒక వంగిన ఇటుకను దీపం దగ్గర పట్టుకుని చూపించాను. అది మెత్తబడి వాలిపోయి, పులిసిన గంజి వాసన వేసింది. అప్పుడు ఒప్పుకుంది. నాయన టార్చిలైటు బల్బుకు తీగ చుట్టి బ్యాటరీ పెట్టి ఇచ్చాడు. బ్యాటరీ మార్చడానికి వీలుగా పై అంతస్తులను విడిగా కట్టి, మూతలా ఎత్తి పెట్టేటట్టు చేశాను.

కొలువు పెట్టిన రోజు సాయంత్రం ఆ బల్బు వెలిగినప్పుడు అమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. అవ్వ చాలాసేపు చూసింది. "సరిగ్గా ఉండాది" అంది. అవ్వ నోట ఆ మాట అంతకుముందు నేను వినలేదు, తరవాతా వినలేదు.

ఇక పేరంటాలకు వచ్చినవాళ్ళకు అవ్వ బొమ్మల్ని చూపించడం మానేసింది. అందరినీ తిన్నగా గోపురం దగ్గరికే తీసుకొచ్చేది. మౌంట్ రోడ్డు, సీమ సామాను, మా మనవరాలు. నా పేరు మూడోది. అయినా నాకు చాలు. వాళ్ళు వెళ్ళాక రోజూ ఒకసారి గోపురాన్ని మెల్లగా తట్టి చూసేదాన్ని. గట్టిగా ఉంది. పెట్టె మూత మీద నా పేరు ఎక్కడ రాయాలో కూడా అనుకున్నాను.

సరస్వతీ పూజకు ముందు రోజు ఎదురింటావిడ వచ్చింది. అవ్వకు ఆవిడతో పాతికేళ్ళ స్నేహం, అంతే పోటీ. చాప మీద ఇంకా కొందరు ఆడవాళ్ళు ఆకుదొన్నెల్లో సుండల్, అదే శనగ గుగ్గిళ్ళు, తింటున్నారు.

"ఏమమ్మా, మీ గోపురం గురించి వీధంతా చెప్పుకుంటావుండారు. నాకు చూపించకూడదా?" అంది ఎదురింటావిడ.

"రా రా, ఈడ కూర్చో. ఇది బయట చూసేది కాదు, లోన చూడాల. నిజం గోపురం మాదిరి లోపలంతా బోలు" అని అవ్వ వంగి, పై అంతస్తులను రెండు చేతులతో ఎత్తి ఆవిడ మొహం దగ్గర తలకిందులుగా పట్టుకుంది. నేను చూపించేటప్పుడు ఎప్పుడూ తలకిందులు చేయలేదు.

ఎదురింటావిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుంది. లోపలికి చూసింది. వేలు పెట్టి తడిమింది.

"ఇదేంది? ఎవురో కొరికినట్టుండాదే."

"యాడ?"

"ఇదో, ఈడ. పళ్ళు దిగినాయి చూడు. అయ్యో, అమ్మవారి ముందర ఎంగిలి సామానా? పోనీలే, చిన్నపిల్లలు, తెలీక చేసుంటారు" అంది. ఆ గొంతులో ఎంత జాలో. అంత రుచిగా జాలిపడేవాళ్ళను నేను తక్కువమందినే చూశాను.

సుండల్ నములుతున్న నోళ్ళు ఆగిపోయాయి. అవ్వ ఆ ముక్కను నేల మీద పెట్టి, చేతులు చీరకు తగలకుండా దూరంగా పట్టుకుని తమ్ముణ్ణి పిలిచింది. వాడి గడ్డం పట్టి నోరు తెరిపించింది. ముందు పళ్ళ చోట ఎర్రటి చిగుళ్ళు.

"వీడికి పళ్ళే లేవు. వీడెట్ట కొరుకుతాడు?" అని నా వైపు తిరిగింది.

నా నోరు తెరిపించి చూస్తే తెలిసేది. నా పళ్ళ మధ్య సందు లేదు. కానీ నా నోరు ఎవరూ చూడలేదు.

"నేను కొరకలా అవ్వా. పెట్టె వచ్చినప్పుడే ఉండింది."

"వచ్చినప్పుడే ఉండిందా? మౌంట్ రోడ్డు షాపులో కొరికిన సామాను పెట్టి అమ్ముతారా?"

అప్పుడే నాయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో గొడుగుతో. అవ్వ ఆయన్ను చూసింది.

"ఏరా, నువ్వే గదా కొనింది. నువ్వు చెప్పు."

అందరి కళ్ళూ నాయన మీదికి తిరిగాయి. నా కళ్ళు ముందే అక్కడున్నాయి. నాయన గొడుగును కొక్కేనికి తగిలించాడు. తగిలించడానికి మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది.

"దానికి కొరికే అలవాటు ఉండాది లేమ్మా" అన్నాడు. "గోళ్ళు చూడు, ఎట్ట కొరుక్కుంటాదో."

నిజమే, నేను గోళ్ళు కొరికేదాన్ని. అవ్వ నా చేయి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించింది. ఎదురింటావిడ తలాడించింది. ఒక అబద్ధాన్ని ఒక నిజానికి అంత బిగువుగా అతికించడం నేను మళ్ళీ చూడలేదు. నా గోపురంలో అలాంటి అతుకు ఒక్కటి లేదు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ‘దొర’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటికి వస్తే పెట్టె పెట్టెంతా వీధి చివర కుప్పతొట్టిలోకి పోతుంది. నోరు మూసుకున్నాను. నాయన పరువు కోసం కాదు. పెట్టె ఇంకా నాదవుతుందేమోనన్న ఆశ.

"విప్పు" అంది అవ్వ. "ఇప్పుడే. అందరి ముందర."

పావడా అంచులోంచి పిన్ను తీశాను. కలశాలు తీశాను, పోస్టుకార్డు ముక్కలు తీశాను, ఒక్కో ఇటుకా పిన్ను దూర్చి పక్కకు తిప్పి ఊడదీశాను. ఒక్క ఇటుక మీద కూడా గీత పడలేదు. అంతమంది ఆడవాళ్ళు అది కళ్ళారా చూస్తున్నారు. ఇలా తీయగలిగిన పిల్ల పళ్ళెందుకు వాడుతుందని ఒక్కరికీ తోచలేదు. అమ్మకు తోచింది.

"అత్తా, ఆ పిన్ను నేనే చేసిచ్చినా. అది పిన్నుతోనే తీస్తాది..." అని మొదలుపెట్టింది.

"నువ్వు ఊరుకో. అందరి ముందర పిన్ను, ఎవురూ లేనప్పుడు పళ్ళు" అంది అవ్వ. నాయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇటుకలన్నీ ఇసకలో కుప్పగా పడ్డాయి. వాటిని పారేయమంటుందని భయపడ్డాను. కానీ మౌంట్ రోడ్డు సామాను పారేయడానికి అవ్వకు మనసొప్పలేదు.

"పెరట్లో అండాలో నీళ్ళు మరగతా ఉండాయి. దాంట్లో వేసి తీస్తే ఎంగిలి పోతాది" అంది అమ్మతో.

"వద్దవ్వా! వేడినీళ్ళు వద్దు. వంకర పోతాయి. దీపం దగ్గర నువ్వే చూసినావు గదా" అని అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. చల్లటి నీళ్ళతో ఎన్నిసార్లంటే అన్నిసార్లు నేనే కడుగుతానన్నాను. పసుపునీళ్ళు చల్లుకోమన్నాను. నా నెత్తి మీద పోయమన్నాను.

"దీపం నిప్పు, ఇది నీళ్ళు. నాకు చెప్పను వచ్చినావా?" అంది అవ్వ.

అమ్మ కుప్పను చేటలోకి ఎత్తింది. నన్ను చూడకుండా పెరట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. రాగి అండాలో నీళ్ళు కళపెళ మరుగుతున్నాయి. అమ్మ చేట వంచింది. ఇటుకలు కిందికి పోయి, పైకి వచ్చి, తిరిగాయి. పెరడంతా ఆ పులుపు వాసన. అమ్మ వెంటనే జల్లెడ గరిటెతో తీసేయబోయింది గానీ అవ్వ గుమ్మంలో నిలబడి "ఇంకాసేపు ఉండనీ" అంది. లోపల ఆడవాళ్ళు మళ్ళీ సుండల్ తినడం మొదలుపెట్టారు. ఎదురింటావిడ పాట ఎత్తుకుంది. ఆవిడ గొంతు బాగుంటుంది, ఆ విషయం ఒప్పుకోవాలి.

బయటికి తీసేసరికి అవి ఎండిన వడియాల్లా ఉన్నాయి. కొన్ని నడుం వంగాయి, కొన్నింటి అంచులు విచ్చుకున్నాయి, గుబ్బలు ఒక పక్కకు వాలాయి. చల్లారాక రెండింటిని తీసుకుని కలిపి చూశాను. పట్టలేదు. ఇంకో రెండు. ఒక్కటీ ఇంకోదాన్ని పట్టుకోలేదు. నూలు పోగు వేసి చూశాను. చీకటి పడేదాకా చూస్తూనే ఉన్నాను.

కొలువులో గోపురం ఉన్న చోట అవ్వ మట్టి చెట్టియారు దంపతులను పెట్టించింది. ముందు బియ్యం, పప్పు పోసుకుని కూర్చున్న ఆ బొమ్మల్ని చూసి, ఇదే బాగుందని కొందరు అన్నారు. టార్చి బల్బును నాయన విప్పి తీసుకున్నాడు. మిగతా రోజులు నేను వచ్చినవాళ్ళకు సుండల్ అందించాను. నవ్వమన్నప్పుడు నవ్వాను. రాత్రి అమ్మ నా తల దువ్వుతూ ఏదో చెప్పబోయింది. వినను అన్నాను. అమ్మ మీద కూడా నాకు కోపమే, ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

విజయదశమి మర్నాడు పొద్దున బొమ్మల్ని గుడ్డల్లో చుట్టి పెట్టెల్లో సర్దుతున్నాం. నాయన ఆఫీసుకు తయారై, చేతిలో ఆ అట్టపెట్టెతో వచ్చి నా ముందు పెట్టాడు.

"ఇంద, నీ పెట్టె" అన్నాడు. "గోపురం కడదాకా నిలబడలా. అయినా ఇస్తా ఉండా. మాట మాటే."

మూత తీశాను. లోపల ఆ వంకర ఇటుకలు. నాయన ఇంకా నిలబడే ఉన్నాడు, నేను సంతోషపడతానని కాబోలు. ఆయన మొహంలో సిగ్గు ఏమైనా ఉందేమోనని వెతికాను. దయ ఉంది. 

పెట్టె అడుగున ఆ ఎర్ర ఇటుక దొరికింది. మరిగినా గాటు పోలేదు, రెండు పళ్ళు, మధ్యలో సందు. దాన్ని ఎడమచేతిలో పెట్టుకున్నాను. ఇంకో ఎర్ర ఇటుక తీసుకుని నోట్లో పెట్టుకుని, నాయన కళ్ళలోకి చూస్తూ, చిగుళ్ళు నొప్పెట్టేదాకా కొరికాను.

"ఏందే అది? మళ్ళీనా?" అని అవ్వ మెట్ల దగ్గర నుంచి కేకేసింది.

"అలవాటు అవ్వా" అన్నాను. "నాయన చెప్పినాడు గదా."

రెండు ఇటుకలనూ పక్కపక్కన అరచేతిలో పెట్టి నాయనకు చూపించాను. నా గాటులో సందు లేదు. ఎవరు చూసినా తెలుస్తుంది. నాయన చూశాడు. అవ్వ ఇటు వస్తోంది. నాయన చేయి చాపి ఆ సందున్న ఇటుకను నా అరచేతిలోంచి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. నాది అక్కడే వదిలేశాడు.

"టైమయిపోయింది" అని గొడుగు తీసుకుని వీధిలోకి దిగాడు. మురుగుకాలవ మోరీ దగ్గర ఒక్క క్షణం ఆగి, చేయి జేబులోంచి తీసి విదిలించి, మళ్ళీ నడిచాడు. అవ్వ వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది. కొరికిన ఇటుక అందులో ఒక్కటే ఉంది, అది నేను కొరికిందే.